పెళ్ళికూతుళ్ళకి కేక్ టేస్టింగ్: డబ్బులు తీసుకోవాలా, ఊరికే పెట్టాలా?

కోనసీమ ఓవెన్ · అమలాపురం

అందరికీ నమస్తే అండి. నేను ఇంట్లోనే కేకులు చేస్తాను, ఎక్కువగా పుట్టినరోజులవే. ఈమధ్య పెళ్ళి కేకులు కూడా అడుగుతున్నారు. చర్చి పెళ్ళిళ్ళకి కేకు ఎప్పుడూ ఉండేదే. ఇప్పుడు హిందువుల రిసెప్షన్లకీ, నిశ్చితార్థాలకీ కూడా స్టేజీ మీద మూడు స్టెప్పుల కేకు ఉండాల్సిందే అంటున్నారు. మంచిదే, నాకు పని దొరుకుతోంది.

చిక్కెక్కడంటే, "ముందు రుచి చూపించండి, నచ్చితే ఆర్డరిస్తాం" అంటారు. అడగడం తప్పు కాదు. అంత డబ్బు పెట్టే కేకుని ఫొటో చూసి ఎవరు కొంటారు? కానీ పోయిన నెలలో ఒక పార్టీ వచ్చింది. పెళ్ళికూతురు, వాళ్ళమ్మ, మేనత్త, పిన్ని, ఇద్దరు పిల్లలు, కారు నడుపుకొచ్చిన బాబాయి. ఐదు రకాలు చేసి పెట్టాను. శుభ్రంగా తిన్నారు, మెచ్చుకున్నారు, మామ్మగారికని కాస్త డబ్బాలో కూడా పెట్టించుకున్నారు. తర్వాత ఫోన్ చేస్తే, టౌన్‌లో బేకరీవాళ్ళు కిలోకి రెండొందలు తక్కువ చెప్పారట, అక్కడ ఇచ్చేశారట.

పోనీ ఇకనుంచి రుచికి కొంత తీసుకుందామంటే మా అత్తయ్యగారు ఒప్పుకోవట్లేదు. "ఇంటికొచ్చినవాళ్ళకి కేకు ముక్క పెట్టి డబ్బులడుగుతావా? ఊళ్ళో ఏమనుకుంటారు?" అంటారు. నాకూ అడగాలంటే నోరు రాదు.

నిజంగా చేస్తున్నవాళ్ళు చెప్పండి. ఎంత తీసుకుంటున్నారు? ఎన్ని రకాలు పెడతారు? ఇంటికి రమ్మంటారా, డబ్బా పంపిస్తారా?

గోదారి ఎటకారం · కొత్తపేట

ముందు మీ అడ్రసు చెప్పండి మేడం. మా ఇంట్లో పెళ్ళేమీ లేదుగానీ ఐదు రకాలు అన్నారు కదా, పెళ్ళికూతురు దొరక్కపోయినా మేం ఒక కారుకి సరిపడా వస్తాం. ఆయ్.

భీమవరం బేకమ్మ · భీమవరం

డబ్బులు తీసుకోండి. ఇందులో ఆలోచించడానికేం లేదు.

నేను పెళ్ళి కేకులు మొదలుపెట్టినప్పటి నుంచీ తీసుకుంటున్నాను. నాలుగు రకాలకి 400 రూపాయలు. ఆర్డరు ఖాయమైతే ఆ 400 బిల్లులో తగ్గిస్తాను. అంటే ఆర్డరిచ్చేవాళ్ళకి అది ఊరికే పెట్టినట్టే. ఆర్డరివ్వనివాళ్ళకి మాత్రం నాలుగు రకాల కేకు కొనుక్కుని తిన్నట్టు. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

ఇంకో మాట. 400 నాకు పెద్ద ఆదాయమేం కాదు, అది జల్లెడ. సరదాకి వచ్చేవాళ్ళు ఫోన్‌లోనే ఆగిపోతారు. తేదీ కుదిరి, మండపం మాట్లాడుకుని, కేకు కావాలనుకున్నవాళ్ళు 400 దగ్గర ఆగరు. డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాక నా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు, వచ్చినవాళ్ళలో ఆర్డరిచ్చేవాళ్ళు పెరిగారు.

మనుషుల సంఖ్య కూడా ముందే చెప్పాలి. ముగ్గురు. పెళ్ళికూతురు, ఆవిడతోపాటు ఇద్దరు. నాలుగోవాళ్ళు వస్తే మంచినీళ్ళిస్తాను, కుర్చీ వేస్తాను, కేకు మాత్రం ఆ ముగ్గురి ప్లేట్లలోదే పంచుకోవాలి.

పాలకొల్లు పిన్ని · పాలకొల్లు

అమ్మాయ్ బేకమ్మా, నీ లెక్క బాగానే ఉందిగానీ మన వైపు పద్ధతి అది కాదమ్మా. పట్టు చీరలు కొనడానికి వెళ్తే కొట్టువాడు కూల్‌డ్రింకు ఇచ్చి కూర్చోబెడతాడు. వంద చీరలు విప్పించుకుని లేచిపోతాం, పైసా అడుగుతాడా? వంటవాళ్ళ దగ్గరికి వెళ్తే, పక్క పెళ్ళిలో వడ్డిస్తున్నాం వచ్చి తినండి అంటారు. పెళ్ళి పనులన్నీ అలాగే నడుస్తాయి. కేకు దగ్గరికొచ్చేసరికి "ముందు 400 కొట్టండి" అంటే ఆడపెళ్ళివారికి కష్టంగా ఉండదా?

నేను ఈ వయసులో కూడా క్రిస్మస్‌కీ, పుట్టినరోజులకీ చేసిస్తున్నాను. ఏ రోజూ రుచికి డబ్బు తీసుకోలేదు. ఐదు రకాలు ఎందుకు చెయ్యాలి, అది చెప్పండి ముందు. ఉన్నదాంట్లో రెండు ముక్కలు పెట్టండి. ఆ రోజు వేరే ఆర్డరుకి చేసిన పిండిలోనే నాలుగు కప్‌కేకులు పొయ్యండి. అవి రుచికి చాలవా?

భీమవరం బేకమ్మ · భీమవరం

పిన్నిగారూ, చీర విప్పినా మళ్ళీ మడతపెట్టి ఇంకొకరికి అమ్ముకుంటాడు. నా కేకు తినేశాక ఇంకేం మిగుల్తుంది? అదీగాక కొట్టువాడి కూల్‌డ్రింకు ఖరీదు చీర ధరలోనే ఉంటుంది. మనం కిలోకి వంద పెంచితే ఊరుకుంటారా?

వేరే ఆర్డరు పిండిలోంచి కప్‌కేకులు పొయ్యమన్నారు చూడండి, ఆ మాట మాత్రం బంగారం. నేనూ అదే చేస్తాను.

లంకపిల్ల · పి.గన్నవరం దగ్గర

నేను బేకర్ని కాదు. నాకు ఈ మాఘంలో పెళ్ళి. కొనేవాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్పొచ్చా?

నేను ఇద్దరి దగ్గర రుచి చూశాను. ఒకావిడ ఏమీ తీసుకోలేదు. ఇంకొకావిడ 300 తీసుకున్నారు. నిజం చెప్పాలంటే డబ్బు తీసుకున్నావిడ దగ్గరే నాకు హాయిగా అనిపించింది. ఊరికే పెట్టినచోట "బాగుందండి, బాగుందండి" అనడమే సరిపోయింది. తీపి ఎక్కువైందని నోరు తెరిచి చెప్పలేకపోయాను. డబ్బిచ్చినచోట "క్రీమ్ కొంచెం నూనెగా తగులుతోందండి, మార్చగలరా" అని అడిగాను. ఆవిడ కూడా ఏమీ అనుకోకుండా క్రీమ్ మార్చి ఇంకో చిన్న కప్పు పంపించారు. ఆర్డరు ఆవిడకే ఇచ్చాం.

ఇంకోటి, మాది గోదారి మధ్య లంక ఊరు, కాజ్‌వే మునిగితే పడవే గతి. ఆషాఢంలో, శ్రావణంలో గోదారి పెరిగితే అమ్మా నేనూ కేకు రుచి చూడ్డానికి ఊరు దాటి రాలేం. అలాంటివాళ్ళకి డబ్బా పంపే ఏర్పాటు ఉంటే మంచిది. మా ఆయన కాబోయేవారు కువైట్‌లో ఉన్నారు. వీడియో కాల్‌లో నేను తింటుంటే చూశారు, అంతే ఆయన టేస్టింగ్.

గోదారి ఎటకారం · కొత్తపేట

పాపం ఆయన. పెళ్ళయ్యాక కూడా అదే ఏర్పాటేమో కనుక్కోండి.

రాజమండ్రి గనాష్ · రాజమహేంద్రవరం

డబ్బు సంగతి మీరు తేల్చుకోండి, నేను ప్లేట్‌లో ఏం పెట్టాలో చెప్తాను. చాలామంది టేస్టింగ్ చెడగొట్టుకునేది అక్కడే.

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పెట్టకండి. చల్లగా ఉన్నప్పుడు తీపీ, వాసనా రెండూ తగ్గి తెలుస్తాయి, బటర్ ఉన్న స్పాంజ్ గట్టిగా, పొడిగా అనిపిస్తుంది. పావుగంట నుంచి అరగంట బయట ఉంచి పెట్టండి. అలాగని పొద్దున తీసి సాయంత్రం దాకా బల్ల మీద ఉంచకూడదు. క్రీమ్ కేకు రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, మన ఎండాకాలంలో అయితే గంటే.

వరుస కూడా ముఖ్యం. వెనిలా, తర్వాత పైనాపిల్ లాంటి పళ్ళవి, తర్వాత బటర్‌స్కాచ్, ఆఖర్న చాక్లెట్. చాక్లెట్ ముందు పెడితే ఆ తర్వాత తిన్నదేదీ నాలుక్కి తెలియదు. మధ్యలో మంచినీళ్ళు, ఉప్పుగా ఉండేదేదైనా కొంచెం. నేను మరమరాలు పెడతాను. మిక్చర్ పెట్టకండి, కారం నోట్లో ఉండిపోతుంది. భోజనం చేసి రావొద్దని కూడా చెప్పండి. బిర్యానీ తిన్న నోటికి రెడ్ వెల్వెట్ ఏం తెలుస్తుంది? పదకొండు గంటలకైనా, నాలుగు గంటలకైనా రమ్మనండి.

అన్నిటికంటే పెద్ద విషయం: టేస్టింగ్‌లో ఏ క్రీమ్ పెట్టారో పెళ్ళికీ అదే క్రీమ్ ఇవ్వాలి. ఇంట్లో ఏసీ వేసి అసలు వెన్నతో బటర్‌క్రీమ్ పెడతారు. మే నెలలో స్టేజీ మీద అది నిలబడదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మన పగటి ఎండ ఎంతో మీకే తెలుసు. అప్పుడు నాన్‌డైరీ విప్పింగ్ క్రీమ్‌కి మారతారు. రుచి మారిందని పెళ్ళికూతురు అంటే ఆవిడ తప్పు కాదు. ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్‌తో అసలే పని జరగదు, అందులో కొవ్వు 25 శాతం దగ్గరే ఉంటుంది, ఎంత గిలక్కొట్టినా నిలబడదు.

ఎండాకాలం పెళ్ళికి నేనైతే గనాష్ పూత రుచి చూపిస్తాను. డార్క్ చాక్లెట్ రెండు పాళ్ళు, క్రీమ్ ఒక పాలు. వైట్ చాక్లెట్ అయితే మూడు పాళ్ళకి ఒకటి. బటర్‌క్రీమ్ కంటే ఎండకి బాగా ఓరుస్తుంది.

నరసాపురం రేవు · నరసాపురం

చర్చి పెళ్ళిళ్ళ సంగతి నేను చెప్తాను. మా వైపు మిషనరీల కాలం నుంచీ పాతుకున్న సంఘాలున్నాయి, పెళ్ళి కేకు మాకు కొత్త ఫ్యాషన్ కాదు. అందువల్ల రుచి చూడ్డానికి వచ్చే అమ్మమ్మలకి గట్టి అభిప్రాయాలుంటాయి. పెళ్ళికూతురు రెడ్ వెల్వెట్ అంటుంది, అమ్మమ్మ "ఎండుద్రాక్ష, జీడిపప్పు పడని కేకు పెళ్ళి కేకా" అంటుంది. నేను కింద పెద్ద స్టెప్పు ప్లమ్ కేకు, పైన రెండూ పెళ్ళికూతురికి నచ్చినవి పెట్టమంటాను. ప్లమ్ కేకు గట్టిగా ఉంటుంది కాబట్టి పై బరువు మోస్తుంది, అమ్మమ్మ మాటా నెగ్గుతుంది.

ప్లమ్ కేకు రుచి చూపించే ముందు ఒకటి చెప్పడం మర్చిపోకండి: పళ్ళు దేంట్లో నానబెట్టారో. చాలా కుటుంబాలు మందు వాసన కూడా ఒప్పుకోవు. రమ్ ఎసెన్స్ వేసినా సరే, వాసనకే ప్లేటు పక్కన పెట్టేస్తారు. నేను ద్రాక్షరసంలోనూ, నారింజరసంలోనూ నానబెట్టి, ఆ మాట వాళ్ళు అడక్కముందే చెప్తాను.

రోజు విషయానికొస్తే ఆదివారం మా వాళ్ళకి కుదరదు, ఆరాధన ఉంటుంది. హిందువులకి శనివారం ఉపవాసాలుంటాయి కొందరికి. అయినా నేను శనివారం సాయంత్రమే పెట్టుకున్నాను, నెలకి రెండు శనివారాలు. రోజుకొక పార్టీ చొప్పున వస్తే ఇంట్లో వంట కూడా సాగదు. ఒకే రోజు ముగ్గురు పెళ్ళికూతుళ్ళు, ఒక్కొక్కరికి ముప్పావు గంట. మధ్యలో పావుగంట ఖాళీ ఉంచండి. ఇద్దరు పెళ్ళికూతుళ్ళు ఎదురుపడితే "వాళ్ళెన్ని కిలోలు చెప్పారు, ఎంతకి ఒప్పుకున్నారు" అని మొదలవుతుంది.

డబ్బులు తీసుకుంటాను. నాకేం మొహమాటం లేదు.

కోనసీమ ఓవెన్ · అమలాపురం

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. నెలకి రెండు రోజులు అన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ మన పెళ్ళిళ్ళు ఉన్నట్టుండి ఖాయమవుతాయి కదా. మూఢం వెళ్ళగానే నాలుగు ముహూర్తాలుంటే అందరూ ఆ నాలుగింటి మీదే పడతారు. పదిహేను రోజుల ముందు ఫోన్ చేసి "ఎల్లుండి రుచి చూస్తాం" అంటే ఏం చెయ్యాలి?

ఇంకో సందేహం: ఎగ్‌లెస్ అడిగేవాళ్ళకి వేరే టేస్టింగ్ పెట్టాలా? గుడ్డు వేసింది రుచి చూపించి, ఎగ్‌లెస్ కూడా ఇలాగే ఉంటుందని చెప్తే సరిపోదా?

రాజమండ్రి గనాష్ · రాజమహేంద్రవరం

సరిపోదు. రెండూ ఒకలా ఉండవు. పెరుగు, సోడా వేసి చేసిన స్పాంజ్ బరువుగా, కొంచెం తడిగా ఉంటుంది. గుడ్డు వేసింది తేలిగ్గా పొంగుతుంది. ఏది అమ్ముతారో అదే రుచి చూపించాలి. ఎగ్‌లెస్ అడిగేవాళ్ళు ఎక్కువగా పూర్తి శాకాహారులు. వాళ్ళకి గుడ్డు కేకు కోసిన చాకుతో కోసినా ఇబ్బందే. ప్లేటు వేరు, చాకు వేరు. వీలైతే ఆ శనివారం మొత్తం ఎగ్‌లెస్సే చెయ్యండి, గొడవుండదు.

హడావిడిగా వచ్చేవాళ్ళకి ఫ్రీజరే దిక్కు. సాదా స్పాంజ్‌ని పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్‌లో రెండు చుట్లు గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులు బాగుంటుంది. తీసినప్పుడు ఆ చుట్టు విప్పకుండానే కరగనివ్వాలి. అప్పుడు నీటిచుక్కలు ప్లాస్టిక్ మీద పడతాయి, కేకు మీద పడవు. వెనిలా, చాక్లెట్ రెండు స్పాంజులు ఉంటే చాలు, లోపల నింపేది మార్చి ఆరు రకాలు చెయ్యొచ్చు. అన్ని రకాల కేకులూ కాల్చక్కర్లేదు.

భీమవరం బేకమ్మ · భీమవరం

ఎల్లుండి అన్నవాళ్ళకి ఇంటికి రమ్మనను, డబ్బా మాత్రమే. నాలుగు చిన్న ప్లాస్టిక్ కప్పులు, ఒక్కోదాంట్లో స్పాంజ్, క్రీమ్, ఫిల్లింగ్ పొరలుగా. మూత మీద పేరు రాసిన స్టిక్కరు. దాంతోపాటు ఒక చిన్న కాగితం: ఏది ముందు తినాలి, ఎంతసేపట్లో తినాలి, ఎంత తీపి కావాలి, ఏది వద్దు. వాళ్ళు టిక్కు పెట్టి ఫొటో తీసి పంపిస్తారు. ఈ కాగితం ఇంటికొచ్చేవాళ్ళకీ ఇస్తాను. నోటితో చెప్పింది రేపు మారిపోతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను: టేస్టింగ్‌కి వచ్చారంటే తేదీ వాళ్ళది అయిపోయినట్టు కాదు. సగం అడ్వాన్సు పడ్డాకే ఆ తేదీ వాళ్ళది. ఒకే ముహూర్తానికి ఇద్దరు రుచి చూసి, ఇద్దరూ మాకే అనుకుంటే మధ్యలో మాటపడేది మనమే.

స్టేజీ వెనక · తణుకు

నేను స్టేజీ డెకరేషన్ చేస్తాను. ఈ చర్చ మా ఆవిడ చూపించింది. బేకర్లకి నా మొర ఒకటుంది.

టేస్టింగ్‌కి కూర్చున్నప్పుడు రుచితోపాటు నాలుగు సంగతులు రాసుకోండి: మండపం ఎక్కడ, లోపలా బయటా, కేకు ఎన్నింటికి కోస్తారు, మీ ఊరి నుంచి ఎంత దూరం. మన రిసెప్షన్లలో ఏడు గంటలకి కోస్తామన్న కేకు తొమ్మిదిన్నరకి కోస్తారు. అప్పటిదాకా అది వీడియో లైట్ల వేడిలో నిలబడాలి. ఫ్రిజ్‌లోంచి తెచ్చిన ఫాండెంట్ (చక్కెర ముద్ద పూత) కేకుకి మన గాలిలో తేమ తగిలి చెమట పట్టినట్టవుతుంది, రంగు కారుతుంది. ముదురు ఎరుపు రంగు పూలు పెట్టిన తెల్ల కేకు గులాబీ చారలతో దిగిన ఫొటోలు నేను చూశాను.

అలాగే ఎంతమందికి అని అడిగితే వెయ్యి మంది అంటారు. వెయ్యి మందికీ కేకు ముక్క వెళ్ళదు. స్టేజీ ఎక్కి ఫొటో దిగేవాళ్ళకీ, దగ్గర చుట్టాలకీ చాలు. 50 గ్రాముల ముక్క అనుకుంటే కిలోకి ఇరవై. ఐదు కిలోలకి వంద ముక్కలు. ఇంకా ఎత్తుగా కనిపించాలంటే కింద రెండు స్టెప్పులు థర్మాకోల్ పెట్టి, కోసే స్టెప్పు మాత్రం అసలుది పెట్టండి. ఈ మాట టేస్టింగ్‌లోనే చెప్పేస్తే వాళ్ళ బడ్జెట్టూ తగ్గుతుంది, మీ ప్రయాణమూ తేలికవుతుంది. ఏ స్టెప్పు కొయ్యాలో పెళ్ళికొడుక్కి చెప్పడం మాత్రం మర్చిపోకండి. ఒకాయన థర్మాకోల్‌లో చాకు దింపి పావుగంట లాగాడు.

నరసాపురం రేవు · నరసాపురం

దూరం అన్నారు కాబట్టి. సఖినేటిపల్లి వైపు ఆర్డరుంటే నేను పంటు (రేవు దాటించే పడవ) మీద దాటించను. గోదారి వశిష్ఠ పాయ దాటేంతసేపూ ఇంజను అదురుడికి స్టెప్పులు కదులుతాయి, పంటు దిగేచోట కుదుపు ఇంకా ఘోరం. చుట్టూ తిరిగినా సరే చించినాడ వంతెన మీదుగా కారులో వెళ్తాను, స్టెప్పులు అక్కడికెళ్ళాకే పేరుస్తాను. ఈ దారి ఖర్చు కూడా టేస్టింగ్ రోజే చెప్పేస్తాను.

గోదారి ఎటకారం · కొత్తపేట

ఇప్పుడు సీరియస్‌గా. మా అక్క పెళ్ళికి టేస్టింగ్‌కి నేనూ వెళ్ళాను, కాబట్టి నాకు మాట్లాడే హక్కుంది.

అక్కడ జరిగేది రుచి చూడ్డం కాదండి, రెండు ఇళ్ళ బలపరీక్ష. అక్క బ్లూబెర్రీ అంది. కాబోయే అత్తగారు "మావాడికి బటర్‌స్కాచ్ అంటే ప్రాణం" అన్నారు. బావగారు ఆ రోజుదాకా బటర్‌స్కాచ్ ముట్టుకున్నాడో లేదో ఎవరికీ తెలియదు. మా అమ్మ పెళ్ళివారికి ఎదురు చెప్పలేక రెండూ బాగున్నాయంది. పాపం బేకరావిడ చేతిలో పెన్ను పట్టుకుని అరగంట నిలబడింది.

అందుకని నా సలహా: ఫోన్‌లోనే అడగండి, "కేకు ఎవరిష్టం, డబ్బు ఎవరిది" అని. ఈ రెండూ ఒకరే అయితే ఇంటికి పిలవండి. వేర్వేరు అయితే రెండు డబ్బాలు రెండిళ్ళకీ పంపించి మీరు తలుపేసుకోండి.

పాలకొల్లు పిన్ని · పాలకొల్లు

నవ్వించావురా అబ్బాయ్. కానీ రెండు డబ్బాలంటే ఎనిమిదొందలు, అది ఎవరిస్తారో దానికీ ఇంకో పంచాయితీ.

అందరూ బ్లూబెర్రీ, రెడ్ వెల్వెట్ అంటున్నారు. ఇక్కడి రుచులు ఎందుకు పెట్టరు? అంబాజీపేట కొబ్బరి పక్కనే ఉండగా పొడి కొబ్బరి ప్యాకెట్ కొంటున్నారు. నేను బెల్లం, యాలకులు వేసిన కొబ్బరి లౌజు మధ్య పొరగా పెట్టి వెనిలా కేకు చేస్తాను. పచ్చి కొబ్బరి అలాగే వెయ్యకండి, మన వేడికి పూటలో పులిసిపోతుంది. లౌజు బాగా దగ్గరపడేదాకా ఉడకాలి. టేస్టింగ్‌లో ఒక కప్పు ఇది పెట్టి చూడండి, ముందు పెద్దవాళ్ళు లొంగిపోతారు.

రాజమండ్రి గనాష్ · రాజమహేంద్రవరం

పిన్నిగారి మాటకి ఓటు. ఆత్రేయపురం పూతరేకులు కూడా వాడొచ్చు, కాకపోతే క్రీమ్‌లో నేరుగా పెడితే కాసేపటికే మెత్తబడిపోతాయి. పూతరేకు ముక్కల్ని కరిగించిన వైట్ చాక్లెట్‌లో ముంచి ఆరబెట్టి, అప్పుడు పొరలో చల్లండి. చాక్లెట్ పూత తేమని లోపలికి పోనివ్వదు, కరకర నిలుస్తుంది. తాపేశ్వరం కాజా మాత్రం నాకు కుదర్లేదు, పాకం తీపి మీద క్రీమ్ తీపి పడి మొహం మొత్తుతుంది.

పచ్చి పైనాపిల్ వాడేవాళ్ళకి ఒక జాగ్రత్త. ముక్కల్ని చక్కెరతో ఉడికించి వాడండి. పచ్చిదాంట్లో ఉండే ఎంజైము జెలటిన్‌ని గడ్డకట్టనివ్వదు, ఫిల్లింగ్ నీళ్ళలా జారిపోతుంది.

లెక్కల మాస్టారు · రావులపాలెం

మా ఆవిడ హోమ్ బేకర్, లెక్కలు, కాగితాలు నావి. ఎవరూ ఎత్తని విషయం: డబ్బు తీసుకుని డబ్బా పంపుతున్నారంటే అది అమ్మకమే. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంట్లో చేసుకునే చిన్న వ్యాపారాలకి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. వాళ్ళ ఫోస్కోస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే అవుతుంది. 14 అంకెల నంబరు వస్తుంది. బిల్లు మీద ఆ నంబరు వెయ్యాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి ఉంది. మేం డబ్బా స్టిక్కరు మీద కూడా వేస్తాం. పెళ్ళివారు ఆ నంబరు చూశాక బేరం తగ్గిస్తారు, అది నా అనుభవం. బేకరీకి ఉండే గౌరవం ఇంటికి కూడా వస్తుంది.

ఇంకా, గుడ్డు వేసిన కేకు చట్టం లెక్కలో మాంసాహారమే. పచ్చ గుర్తున్న స్టిక్కర్లు కట్టలు కొని అన్నిటికీ అంటించేవాళ్ళున్నారు. అది తప్పు.

రేటు గురించి: సరుకు, కప్పులు, డబ్బా, కరెంటు రాసుకుని, దాని మీద మీ గంటలకి కూలి కలపండి. మా ఆవిడ మొదట తన కూలి సున్నా వేసుకునేది. గిన్నెలు తోమే మనిషికి ఇస్తున్నాం, కేకు చేసే మనిషికి ఇవ్వమా?

మోడరేటర్

కిలో రేట్ల మీద వాదనలు, ఫలానా బేకరీ ఇలా చేసిందన్న పోస్టులు తీసేశాను. పేర్లు పెట్టి తిట్టుకోవద్దు. టేస్టింగ్ మీదే ఉండండి.

భీమవరం బేకమ్మ · భీమవరం

ఒకటి మర్చిపోయాను. జీడిపప్పు, వేరుశనగ పడనివాళ్ళు ఉన్నారేమో ముందే అడగండి. పిల్లల్ని తీసుకొస్తే మరీ. బటర్‌స్కాచ్ కరకరలో జీడిపప్పు ఉంటుందని చాలామందికి తట్టదు.

పాలకొల్లు పిన్ని · పాలకొల్లు

అమలాపురం అమ్మాయ్, ఇంతకీ ఏం తేల్చుకున్నావు? నీకోసం ఒక దారి చెప్తాను, మీ అత్తగారికీ నచ్చుతుంది. ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర తీసుకోకు. ముగ్గురినే రమ్మను, రెండు రకాలు పెట్టు, కాఫీ ఇచ్చి పంపించు. నాలుగు రకాలు, ఎగ్‌లెస్, డబ్బా, వాళ్ళకి నచ్చిన ప్రత్యేకం ఏదైనా అడిగితే అప్పుడు 400. గడప దాటి వచ్చిన మనిషి మర్యాద గడపలో ఉంటుంది, డబ్బాలో వెళ్ళింది వ్యాపారం.

బేకమ్మ ఒప్పుకోదని నాకు తెలుసు.

భీమవరం బేకమ్మ · భీమవరం

ఒప్పుకోను. కానీ మొదలుపెట్టేవాళ్ళకి బాగానే ఉంది. ఆర్నెల్లయ్యాక తనే మారుతుంది.

కోనసీమ ఓవెన్ · అమలాపురం

అత్తయ్యగారికి పిన్నిగారి పోస్టు చదివి వినిపించాను. "ఆవిడెవరోగానీ బాగా చెప్పింది" అన్నారు. కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. వాట్సాప్‌లో పంపడానికి ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి:

"నమస్తే అండి. మీ పెళ్ళి కేకు కోసం అడిగినందుకు సంతోషం. నెలలో రెండో, నాలుగో శనివారాల్లో సాయంత్రం 4 నుంచి 7 లోపు మా ఇంట్లో రుచి చూడొచ్చు. పెళ్ళికూతురితో కలిపి ముగ్గురు రావొచ్చు. వెనిలా, చాక్లెట్ రెండు రకాలు పెడతాను, వీటికి డబ్బులేమీ లేవు. మీకు నచ్చిన నాలుగు రకాలు కావాలంటే టేస్టింగ్ డబ్బా 400 రూపాయలు, 3 కిలోలు దాటిన ఆర్డరుకి ఆ మొత్తం బిల్లులో తగ్గిస్తాను. ఎగ్‌లెస్ కావాలంటే మూడు రోజుల ముందు చెప్పండి. జీడిపప్పు, వేరుశనగ పడనివాళ్ళుంటే తప్పకుండా చెప్పండి. పెళ్ళి తేదీ, మండపం, కేకు కోసే సమయం రాసి పంపండి. సగం అడ్వాన్సు అందాకే తేదీ ఖాయమవుతుంది."

లంకపిల్ల · పి.గన్నవరం దగ్గర

బాగుందక్కా. డబ్బా ఎక్కడిదాకా పంపిస్తారో కూడా రాయండి. లేకపోతే మా లంక దాకా అడుగుతారు.

నరసాపురం రేవు · నరసాపురం

వెనిలా, చాక్లెట్ బదులు వెనిలా, కొబ్బరి లౌజు పెట్టు చెల్లీ. చాక్లెట్ ఏ బేకరీలోనైనా దొరుకుతుంది. నీ దగ్గరికి రావడానికి ఒక కారణం కావాలి కదా. లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) మొదలయ్యేలోపు చర్చి పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారే పడతాయి, జనవరిలో రెండు శనివారాలు చాలవు, అప్పుడు వారం వారం పెట్టు.

స్టేజీ వెనక · తణుకు

"మండపం" పక్కన "లోపలా, బయటా" అని కూడా రాయండి.

కోనసీమ ఓవెన్ · అమలాపురం

మూడూ మార్చాను. డబ్బా అమలాపురం, అంబాజీపేట, ముమ్మిడివరం వరకూ నేనే ఇస్తాను, ఆ పైన వాళ్ళే మనిషిని పంపించుకోవాలి. ఈ శనివారం ఇద్దరు వస్తున్నారు, ఒకరికి ఎగ్‌లెస్. గనాష్ గారూ, ఎగ్‌లెస్ స్పాంజ్ కూడా ఫ్రీజర్‌లో నెల ఉంటుందా?

రాజమండ్రి గనాష్ · రాజమహేంద్రవరం

ఉంటుంది, కానీ కరిగాక అంచులు త్వరగా రాలతాయి. రెండు వారాల్లో వాడేయండి, పెట్టే ముందు కొంచెం చక్కెర నీళ్ళు బ్రష్‌తో పూయండి. రెండో పెళ్ళికూతురు వచ్చేలోపు చాకు మార్చడం మర్చిపోకండి.